ఆరు నిమిషాల మెచ్చుకోలు

మా ఇంట్లో ఎవరినీ ఎదురుగా పొగడరు. పొగిడితే దిష్టి తగులుతుందని మా అత్త భయం. నేను కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. సంగటి బాగుందని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఇంకో ముద్ద వేయించుకుంటే బాగుందని మనమే అర్థం చేసుకోవాలి. వేయించుకోకపోతే మారు మాట్లాడకుండా గిన్నె కడుక్కోవాలి. ఆమె కడుపున పుట్టినవాడు కాబట్టి మా ఆయనదీ అదే దారి. పెళ్లి చూపుల్లో నన్ను చూసి ఏమన్నాడని మా అమ్మ ఎంతో ఆశగా అడిగితే, "సరే అన్నాడు" అని చెప్పారట. అంతే.

అలాంటి మనిషిని, ఆయనతో పాటు ఉన్న దళం మొత్తాన్ని, ఒక పెద్ద ఆఫీసరు వరసగా నిలబెట్టి ఆరు నిమిషాల పాటు పొగిడాడు. ఆ పొగడ్త నా ఫోన్లో ఉంది. ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. సంతోషంతో విన్నానని మాత్రం అనుకోవద్దు.

మాది పెద్దపంజాణి పక్కన చిన్న పల్లె. మా ఆయన మిలిటరీలో హవల్దారు. పోయిన చలికాలం ఆయన దళాన్ని ఒక మంచు కొండ మీదికి పంపారు. ఎక్కడో చెప్పకూడదట, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. దీపావళి దాటితే దారి మూసుకుపోతుంది, మళ్లీ ఉగాది దగ్గర పడితే గానీ తెరుచుకోదు, అంత వరకే చెప్పాడు. అలా రెండు చలికాలాలు చేయాలట. పైన మామూలు ఫోన్లు పనిచేయవు. పదిహేను రోజులకోసారి వాళ్ల పెద్ద శాటిలైట్ ఫోన్లో మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఒకరి వెనక ఒకరు నిలబడి వంతు కోసం చూస్తుంటారు. ఆ మూడు నిమిషాల్లో దగ్గుకు కొంత పోతుంది, "వినబడతాందా" అనడానికి కొంత పోతుంది, మిగిలిందే కాపురం.

మా ప్రాంతంలోనూ చలి ఉంటుంది. మదనపల్లె వాళ్లకయితే తమ చలి అంటే గర్వం కూడా. తెల్లారి మంచు పడితే టమోటా ఆకు మాడిపోతుందని మేం భయపడతాం, అంతకు మించి మంచుతో మాకు పని లేదు. పోయిన ఏడు మాత్రం పొద్దున స్వెట్టరు తొడుక్కుని చేలోకి పోతున్నప్పుడల్లా ఆయన కాళ్ల వేళ్లు గుర్తొచ్చేవి. ఆయనకు ఇక్కడే, ఆషాఢం గాలికే, కాళ్ల వేళ్లు చల్లబడతాయి. పడుకునేటప్పుడు వాటిని తెచ్చి నా పిక్కలకు ఆనిస్తాడు. నేను విసుక్కునేదాన్ని. ఆ విసుగంతా ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంటుంది.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా వీధిలో రిటైరయిన సుబేదారు ఒకాయన ఉన్నాడు. వరసకు మామ. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి నేర్పింది.

"పైన ఉండేవానికి మంచి మాటే సెప్పాల పాపా. సెడ్డదేదైనా ఉంటే దిగినాక సెప్పుకోవచ్చు. ఈడ జరిగేదానికి ఆయప్ప ఆడ నుంచి ఏం జేస్తాడు? మనసు ఈడ పెట్టుకుంటే అడుగు తప్పతాది."

మా మండలంలో మిలిటరీ వాళ్ల ఇళ్లన్నీ ఇలాగే నడుస్తాయి. నేనూ తు.చ. తప్పకుండా పాటించాను. ఆవు చచ్చిపోతే రెండు పూటలా పాలిస్తోందన్నాను. బోరు ఎండిపోతే నీళ్లకు కరువు లేదన్నాను. రామకుప్పం దగ్గర మా పుట్టింటి రాగి చేను ఏనుగులు పడి తొక్కేస్తే, ఈసారి రాగులు బాగా పండాయి, అమ్మ ఒక మూట పంపిందన్నాను. ఆయన సెలవుకు దిగి వచ్చేసరికి ఆ కష్టాలన్నీ పాతబడి ఉండేవి. "నీ ఫోను వింటే మన ఊరంత మంచి ఊరు యాడా లేదనుకుంటారు" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అబద్ధం ఆడడంలో నాకు మంచి చేయి అని లోలోపల కాస్త గొప్ప కూడా.

పోయిన ఏడు ఆయన పైకి పోయే ముందే నా ఒంట్లో బాగుండలేదు. నెలలో సగం రోజులు రక్తం పోయేది. కుప్పంలో పెద్దాసుపత్రిలో చూపించుకుంటే గర్భసంచి తీసేయాలన్నారు. ఆయన ఆ రోజు నా పక్కనే ఉన్నాడు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు, రోడ్డు వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు అన్నాడు.

"పుష్యమాసంలో నాకు సెలవు వంతు వస్తాది. హెలికాప్టర్లో దించతారు. అప్పుడు సేపిచ్చుకుందాం. నేను పక్కన ఉండాల."

నేను పక్కన ఉండాల. పద్దెనిమిదేళ్లలో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. కుప్పం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా ఇల్లు చేరేదాకా ఆ మాటనే తిప్పి తిప్పి అనుకున్నాను. ఆపరేషన్ అంటే భయం సగం పోయింది. నిజం చెప్పాలంటే, ఆపరేషన్ కోసం ఎదురు చూశాను. నవ్వుతారని తెలుసు, అయినా అదే నిజం.

మార్గశిరం ముగిసేసరికి నిలబడితే కళ్లు తిరగడం మొదలయింది. మా అమ్మ నన్ను మళ్లీ కుప్పం తీసుకుపోయింది. డాక్టరమ్మ ఈసారి గట్టిగా చెప్పింది, ఇంక ఆపడానికి లేదని, పై వారం దాటాక వచ్చే సోమవారానికి వచ్చి చేరమని. అంటే పది రోజులు.

ఆ మరుసటి రోజే ఫోను వచ్చింది. గొంతులో హుషారు ఉంది.

"వచ్చే వారం హెలికాప్టర్ వస్తాదంట. ఈసారి వంతు నాదే. ఆసుపత్రికి పోయినావా? ఏమన్నారు?"

నా నోటి దాకా వచ్చింది. సోమవారం కోస్తారు, నువ్వు లేకుంటే నాకు భయంగా ఉంది అని. కానీ ఎలాగూ వస్తున్నాడు కదా, వచ్చే మనిషిని వారం రోజులు ఆ మంచులో కుమిలిపోయేలా చేయడం ఎందుకు, వచ్చాక చూస్తాడులే అనుకున్నాను. అలవాటయిన నోరు తన పని తాను చేసింది.

"తొందరేమీ లేదనింది డాక్టరమ్మ. నిదానంగా సేసుకోవచ్చంట."

"నిజంగానా?"

"నిజంగానే. ఒళ్లు బాగుండాది. నువ్వు జాగ్రత్తగా ఉండు."

"సరేలే" అన్నాడు. మూడు నిమిషాలు అయిపోయాయి.

ఆ వారమంతా వాకిట్లో ఏ బండి ఆగినా తలుపు దగ్గరికి పోయాను. కాళ్లు తేలిపోతున్నా పోయాను. ఆయన బట్టలు ఉతికి, ఇస్త్రీకి ఇచ్చి తెప్పించాను. కూతురు మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నాన్న వస్తున్నాడని దానికీ చెప్పాను. ఆదివారం సాయంత్రం దాకా చూసి, మా అమ్మతో కుప్పం బస్సెక్కాను. దారి పొడుగునా ఎదురుగా వచ్చే ప్రతి బస్సు కిటికీలూ చూశాను.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు ఒక్కటే అనుకున్నాను, మెలకువ వచ్చేసరికి పక్కన ఉంటాడని. మెలకువ వచ్చేసరికి పక్కన మా అమ్మ, చేతిలో రాగి జావ గ్లాసు. అమ్మను చూసి ఏడవడం ఆమెకు అవమానమని తెలుసు, అయినా ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక, కుట్లు ఇంకా లాగుతుండగానే ఫోను.

"హెలికాప్టర్ రాలేదు" అన్నాడు. "గాలి బాగలేదు."

"ఏం పర్లేదు" అన్నాను. "ఆపరేషనూ కాలేదు."

ఆ తరువాత ఇద్దరం మిగిలిన సేపు టమోటాల గురించి మాట్లాడుకున్నాం.

ఉగాది దగ్గర పడింది. నేను మదనపల్లె టమోటా మండీలో ఉన్నాను, క్రేట్లు దించుతున్నారు. ఫోను టంగుమని మోగింది. ఆయన నంబరు, వాళ్ల పెద్ద ఫోను కాదు. కింద ఒక ఆడియో. "దిగినాం. అందురూ బాగుండాము. మా సాబ్ మాట్లాడినాడు. ఇంటికి పంపి వినిపించమన్నాడు" అని రాశాడు.

ఆ క్రేట్ల మధ్యే కూలబడ్డాను. చుట్టూ వేలం పాటలు పాడే వాళ్ల కేకలు, లారీల హారన్లు. ఫోను చెవికి ఎంత నొక్కినా ఎవరో ఒక మగ గొంతు మాత్రం వినబడింది. దాన్ని సగంలో ఆపేశాను. ఆ రోజు టమోటా ఎవరికి పోయిందో, ఏ ధరకు పోయిందో నాకు పట్టలేదు. పుంగనూరులో బస్సు మారి ఇంటికి చేరేదాకా ఫోను గుప్పిట్లోనే ఉంది.

ఇంట్లో లౌడ్ స్పీకరు పెట్టాను. మా అత్తకు హిందీ ఒక్క ముక్క రాదు. కానీ కొడుకును, కొడుకుతో ఉన్నవాళ్లను ఎవరో మెచ్చుకుంటున్నారని గొంతును బట్టి తెలిసిపోయింది. ఆమె గబగబా లేచి లోపలికి పోయి, గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చి, నా చేతిలో మాట్లాడుతున్న ఫోను చుట్టూ మూడు సార్లు తిప్పింది. పొయ్యిలో వేసింది. చిటపటలాడాయి గానీ ఘాటు రాలేదు. "సూడు, ఎంత దిష్టి ఉండాదో" అంది, కళ్లు తుడుచుకుంటూ. పొగ లేని చోట కళ్లు ఎందుకు తడిశాయని నేను అడగలేదు.

నాకు హిందీ సగం సగం. అందుకని సుబేదారు మామను పిలిపించాం. ఆయన మోకాళ్లు పాడై చాలా కాలమయింది, కుర్చీలో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఆఫీసరు గొంతు మొదలవగానే ఆయన కుర్చీ చేతులు పట్టుకుని తనంతట తాను లేచి నిలబడ్డాడు. ఆరు నిమిషాలూ కూర్చోలేదు. ఆపి ఆపి తెలుగులో చెప్పాడు.

ఆ ఆఫీసరు గొంతు నేను అనుకున్నంత పెద్దదేం కాదు. జలుబు చేసిన మనిషిలా బొంగురుగా ఉంది. మంచు రోజూ దారి మూసింది, మీరు రోజూ తెరిచారు అన్నాడు. ఈ చలికాలం యుద్ధమేం జరగలేదని ఎవరైనా మీతో అంటే, వాళ్లను ఒక్క రోజు నా దగ్గరికి పంపండి అన్నాడు. ఎంతమంది పైకి పోయారో అంతమందీ కిందికి దిగారు, నా ఛాతీ మీద ఎన్ని పతకాలున్నా అన్నిటికంటే పెద్దది ఇదే అన్నాడు. పొయ్యి ఒక్క పూటా ఆరనివ్వని వంటమనిషి గురించి చెప్పాడు. జ్వరంతో పడిపోయిన వాణ్ణి నడుం లోతు మంచులో మోసుకొచ్చిన నలుగురి గురించి చెప్పాడు. అప్పుడు "చిత్తూరు హవల్దారు" అన్నది నాకే వినబడింది. సుబేదారు మామ చెప్పక ముందే ఫోను దగ్గరికి జరిగాను.

"మన వాడి గురించే సెప్తాండాడు పాపా" అన్నాడు మామ. "హెలికాప్టర్ వచ్చినప్పుడు వంతు మన వానిదేనంట. దాంట్లో ఒకటే సీటు. సెలవు దొరకని సిపాయి ఒకడు ఉండాడంట, వాని పెండ్లానికి నెలలు నిండినాయంట. మన వాడు ఆ సీటు వానికి ఇచ్చేసినాడంట. ఇట్లాంటోళ్లు నా కింద ఉండేది నా అదృష్టం అంటాండాడు సాబ్."

ఆడియో చివర అందరూ కలిసి జైహింద్ అన్నారు. ఆ వంద గొంతుల్లో ఒకటి మా ఆయనది. వీధిలో అప్పటికే పదిమంది చేరారు. ఎంత మంచి మనిషమ్మా అన్నారు. నా చేతులు పట్టుకున్నారు. నేను తల ఊపాను. కుట్లు వేసిన చోట పొడిచినట్టయింది.

హెలికాప్టర్ వచ్చింది. గాలి బాగానే ఉంది. సీటు ఉంది. ఆ సీట్లో ఇంకెవరో కూర్చుని ఇంకెవరి పక్కకో పోయారు.

ఆ ఆఫీసరు మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పుణ్యాన ఊరంతా నా మొగుణ్ణి మెచ్చుకుంటోంది, నేను దేనికి ఏడ్చానో దానికే. ఆ సిపాయి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. వాడి భార్యకు ఏం పుట్టిందో, తల్లీబిడ్డా బాగున్నారో లేదో అని కూడా అనుకున్నాను. కోపమంతా మా ఆయన కోసం దాచి పెట్టాను. రోజూ ఆ ఆరు నిమిషాలు విని దాన్ని ఆరకుండా చూసుకున్నాను. విన్న ప్రతిసారీ చివర ఆ జైహింద్ దగ్గర మాత్రం ఓడిపోయేదాన్ని. ఆ కేకలో ఆయన గొంతు ఎక్కడుందో వెతికేదాన్ని. ఎడమ వైపు, కాస్త ఆలస్యంగా, కీచుగా వచ్చేది ఆయనదే అని నిశ్చయించుకున్నాను. అది ఆయనదో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆయన మధ్యాహ్నం బస్సుకు దిగాడు. సన్నబడ్డాడు. చెవుల అంచులు నల్లబడ్డాయి. మా అత్త వాకిట్లోనే పట్టుకుని నీళ్లు ఇచ్చి, కష్టసుఖాలన్నీ చెప్పేసింది. అందులో నా ఆపరేషన్ కూడా ఉందని నాకు తెలియదు. నేను వంటింట్లో సంగటి గెలుకుతున్నాను. వెనక వచ్చి నిలబడ్డాడు. వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టాను.

"హెలికాప్టర్ రాలేదంటివే."

ఆయన చేతిలో ఉన్న నీళ్ల చెంబు గట్టు మీద పెట్టిన చప్పుడయింది.

"ఆపరేషన్ కాలేదంటివే" అన్నాడు.

తెడ్డు అలాగే పట్టుకుని తిరిగాను. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"తొందర లేదని నువ్వే సెప్తివి గదా" అన్నాడు. "రెండు మార్లు అడిగినా. నిజంగానే అంటివి. సాబ్ నన్ను పిల్సి, నీ వంతు యాల ఇస్తాండావు, ఇంట్లో ఏమీ లేదా అని అడిగినాడు. మా ఇంట్లో తొందరేమీ లేదు సాబ్ అని సెప్పినా. నువ్వు సెప్పిన మాటే సెప్పినా. నీకు బాగలేదని తెలిస్తే ఆ సీటు దేవుడు అడిగినా ఇయ్యను."

సంగటి అడుగంటింది. ఇద్దరం దాని సంగతి చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఫోను తీసి ఆడియో మళ్లీ పెట్టాను. అది అక్కడే ఉంది. సుబేదారు మామ తొందరలో వదిలేసిన ముక్క. నా కోపంలో నేను ఇన్నిసార్లూ వినకుండా దాటేసిన ముక్క. "ఘర్ మే కోయీ జల్దీ నహీ సాబ్" అని హవల్దారు అన్నాడని ఆఫీసరు చెబుతున్నాడు. ఆ మాటలు నావి. మా వంటింటి గోడకు ఆనుకుని, కళ్లు తిరుగుతుండగా, నేను అన్నవి. ఎంత దూరం పోయి, ఎవరి నోట చేరి, పొగడ్తయి నా దగ్గరికి తిరిగొచ్చాయో చూడండి. నా సీటు నేనే ఇచ్చేసుకున్నాను. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన బాధ ఆపరేషన్ రోజు కూడా కలగలేదు.

సెలవులో ఆయన నన్ను కుప్పం తీసుకుపోయాడు. చెకప్ చేసింది పది నిమిషాలు, బయట బెంచీ మీద కూర్చున్నది మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఆయన నా పక్క నుంచి కదల్లేదు. టీ తాగి రమ్మన్నా పోలేదు. అందరూ వాళ్ల వాళ్ల చీటీలు చూసుకుంటుంటే ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆపరేషన్ గది తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తలుపు వెనక నేను లేను, పక్కనే ఉన్నాను. చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

సెలవు అయిపోయి పోయినవాడు, దీపావళికి ముందు మళ్లీ నాలుగు రోజులు వచ్చి, రెండో చలికాలానికి బయలుదేరాడు. పుంగనూరు బస్టాండు దాకా నేనూ పోయాను. బస్సు కదలబోయేటప్పుడు కిటికీలోంచి అన్నాడు.

"ఈసారి నిజమే సెప్పుకుందాం. మంచిదైనా, సెడ్డదైనా."

సరే అన్నాను. ఈ సంగతి తెలిసి సుబేదారు మామ భార్య నన్ను కోప్పడింది. పద్ధతి తప్పుతున్నావంది. పద్ధతి తప్పితే తప్పనీ అన్నాను.

కార్తీకంలో మొదటి ఫోను వచ్చింది. పొద్దున పదకొండు గంటలప్పుడు, మా అత్త వాకిట్లో రాగులు చెరుగుతోంది. నేను ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాను. బోరులో నీళ్లు తగ్గాయి, టమోటాకు తెగులు, కూతురికి మొన్నటి పరీక్షలో ఒక పేపరు తప్పింది. అన్నీ నిజాలే.

"ఎట్లుండావు?" అన్నాడు. గాలి హోరు. ఆయన వెనక వంతు కోసం నిలబడ్డవాళ్లు ఎవరో దగ్గుతున్నారు. "నిజం సెప్పు."

సిద్ధం చేసుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒళ్లు బాగుండాది" అన్నాను. "మనసు బాగలేదు. నువ్వు లేని ఇంట్లో నాకు ఉండబుద్ధి కావడం లేదు. నాకు నువ్వు కావాల. వంతు వస్తే వచ్చెయ్. ఇంట్లో తొందరగానే ఉండాది."

వాకిట్లో చేట చప్పుడు ఆగిపోయింది. మా అత్త వింటోంది.

"ఇంగోసారి సెప్పు" అన్నాడు మా ఆయన.

చెప్పాను. అత్త వింటోందని తెలిసీ, వీధిలోకి వినబడుతుందని తెలిసీ, మూడు నిమిషాలు అయిపోయేదాకా అదే చెప్పాను.